పోస్టింగ్‌లో దొరికిన స్నేహితులు

పోస్టింగ్‌కి, అంటే చదువులో భాగంగా ఆస్పత్రిలో పని నేర్చుకోవడానికి, వెళ్లొచ్చినవాళ్లని ఎలా గడిచిందని అడగండి, చాలామంది ముందు మనుషుల గురించే చెప్తారు. రూమ్మేట్ ఎలా ఉండేది, నైట్ డ్యూటీలో తోడు ఎవరు, ఎవరితో కూర్చుని లాగ్‌బుక్ రాశారు, ఇలా. నేర్చుకున్న పని సంగతి తర్వాతెప్పుడో వస్తుంది. నేను ఫిజియోథెరపీ చదివాను. చదువు చివర్లో కొన్ని వారాలు ఇంటికి దూరంగా, ఒక్క మనిషీ తెలియని ఊళ్లో, ఒక పెద్దాస్పత్రిలో క్లినికల్ పోస్టింగ్ పడింది. అది జరిగి చాలా ఏళ్లయింది, ఇప్పుడు పోస్టింగ్‌కి వచ్చే విద్యార్థులని చూసుకోవడం నా ఉద్యోగంలో ఒక భాగం, అయినా ఈరోజుకీ ఏదైనా కేసులో దిక్కు తోచకపోతే నేను ఫోన్ చేసేది కాలేజీలో ఏళ్ల తరబడి పక్కన కూర్చున్నవాళ్లకి కాదు, ఆ కొద్ది వారాల్లో దొరికిన ఇద్దరికి.

ఇది విన్నవాళ్లలో కొందరు "అంత తక్కువ టైమ్‌లో అంత దగ్గరయ్యారా" అని ఆశ్చర్యపోతారు. ఇంకొందరు "అవన్నీ మూణ్ణాళ్ల ముచ్చటలే, ఇళ్లకెళ్లాక ఎవరి దారి వారిది" అని తేల్చేస్తారు. ఈ రెండో మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. స్నేహాన్ని ఎన్నేళ్లు నడిచిందన్న ఒక్క లెక్కతో కొలవడం నాకు నచ్చదు. పోస్టింగ్ స్నేహితులు మనలో ఒకటి చూస్తారు, అది ఇంట్లోవాళ్లు చూడలేదు, కాలేజీ ఫ్రెండ్స్ చూడలేదు, రేపు ఉద్యోగంలో కలిసేవాళ్లు చూసే అవకాశమే లేదు. మనకింకా పని రాని రోజుల్లో, మొదటిసారి నిజమైన పేషెంట్ ముందు నిలబడి నోరు పెగలనప్పుడు మనం ఎలా ఉన్నామో వాళ్లకి తెలుసు. మన గురించి అది తెలిసినవాళ్లు జీవితం మొత్తం మీద ఎంతమంది ఉంటారు?

ముందు టైమ్ సంగతి చెప్తాను, ఎందుకంటే అందరూ అక్కడే ఆగిపోతారు. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ దీని మీద ఒక అధ్యయనం చేసి 2018లో ప్రచురించారు. కొత్త చోటికి మారినవాళ్లని, కాలేజీలో అప్పుడే చేరిన విద్యార్థులని తీసుకుని, కొత్తగా పరిచయమైనవాళ్లతో ఎన్ని గంటలు గడిపారు, ఎంత దగ్గరయ్యారు అని అడిగి చూశారు. ముఖపరిచయం కాస్తా మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితులం అని గట్టిగా చెప్పుకోవడానికి 90 గంటలు, బాగా దగ్గరి స్నేహానికైతే 200 గంటల పైన పడుతుందని తేలింది. ఈ లెక్క కాలేజీకి వేసి చూడండి. క్లాసులు పోగా ఒక మనిషితో తీరిగ్గా గడిపేది రోజుకి గంట అనుకుంటే 200 గంటలకి 200 రోజులు కావాలి, మధ్యలో సెలవులు కలుపుకుంటే దాదాపు ఒక విద్యాసంవత్సరం. పోస్టింగ్‌లో ఒకే గదిలో ఉంటూ డ్యూటీ దిగాక రోజూ ఐదు గంటలు కలిసి ఉంటే అదే 200 గంటలు 40 రోజుల్లో నిండిపోతాయి. కాబట్టి ఆ టైమ్ క్యాలెండర్‌లో చూస్తేనే తక్కువ, గంటల్లో చూస్తే తక్కువేమీ కాదు.

పైగా ఆ గంటల్లో వాటాకి వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. ఇంటి దగ్గర ఉంటే సాయంత్రాన్ని చుట్టాలు కొంత, పాత స్నేహితులు కొంత, ఇంట్లో పనులు కొంత తినేస్తాయి. కొత్తగా పరిచయమైన మనిషికి మిగిలేది ఆ చివరి పావుగంట. కొత్త ఊళ్లో మొత్తం సాయంత్రం మన చేతిలోనే ఉంటుంది, ఇచ్చుకోవడానికి పక్కన ఉన్నది ఆ ఒకరిద్దరే.

అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది, కలిసి పనిచేసిన గంటలు దగ్గరితనాన్ని అంతగా పెంచవని. ఆఫీసుల విషయంలో నిజమే అయ్యుంటుంది, పక్కపక్క కుర్చీల్లో ఏళ్ల తరబడి కూర్చుని ఒకరి సంగతి ఒకరికి ఏమీ తెలియనివాళ్లని నేనూ చూశాను. మా పనికి మాత్రం ఇది పూర్తిగా వర్తించదని నా నమ్మకం. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద నుంచి మొదటిసారి లేపి నిలబెట్టడం చాలాసార్లు ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు చచ్చుబడిన వైపు నిలబడి ఆ మోకాలు ముడుచుకుపోకుండా తమ మోకాలు అడ్డుపెట్టి ఆపాలి, పేషెంట్ నడుముకి కట్టిన బెల్టు పట్టుకోవాలి. రెండోవాళ్లు అవతలి వైపు నుంచి కాయాలి. ఇద్దరూ కలిసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని, మూడు అన్నప్పుడు ఒకేసారి లేపాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే పేషెంట్ ఒక పక్కకి ఒరిగిపోతాడు, లేకపోతే మన నడుం పట్టేస్తుంది. ఇది ఎవరితో పడితే వాళ్లతో కుదరదు. ఎదుటివాళ్లు నిజంగా మూడుకే లేపుతారా, భయపడి ముందే లాగేస్తారా, పేషెంట్ కంగారుపడితే వాళ్లూ కంగారుపడతారా, ఇవన్నీ రెండు మూడు రోజుల్లో మన చేతులకి తెలిసిపోతాయి. ఎన్ని కబుర్లు చెప్పుకున్నా రాని నమ్మకం ఇక్కడ వస్తుంది.

ఆ ఇద్దరిలో ఒకరు డ్యూటీలో నాతో జత పడినామె, మా అందరికంటే వయసులో పెద్ద. మధ్యలో చదువాగిపోయి, ఏవేవో ఉద్యోగాలు చేసి, మళ్లీ పట్టుదలగా వచ్చి కాలేజీలో చేరింది. నేను అక్కా అనేదాన్ని. చాలా తక్కువ మాట్లాడేది, మిగతావాళ్లు ఆమెకి పొగరనుకునేవారు. ఒక పెద్దాయన్ని మేమిద్దరం మొదటిసారి నిలబెట్టినప్పుడు ఆయన కిటికీ వైపు చూసి గట్టిగా ఏడ్చేశాడు, అంతకాలం పడుకుని పైకప్పు తప్ప ఏమీ చూడలేదు కదా. నాకూ కళ్లనిండా నీళ్లొచ్చేశాయి. అక్క మాత్రం బెల్టు మీద పట్టు సడలించకుండా "చూడండి బాబాయ్, ఎంతసేపు చూస్తారో చూడండి, మేం పట్టుకునే ఉన్నాం" అంది. ఆయన్ని కూర్చోబెట్టి బయటికొచ్చాక ఆమె వరండాలో గోడకి ఆనుకుని కూలబడింది. వాళ్ల నాన్నగారు అలాగే మంచాన పడి పోయారని, ఈ చదువుకి రావడానికి అదే కారణమని అప్పుడు చెప్పింది. వాళ్ల కాలేజీలో ఎవరికీ చెప్పలేదట. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మొహమాటం అన్నది లేదు.

ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఇలాంటి మాటలు ఎందుకంత త్వరగా బయటికొస్తాయో నేను చాలా ఆలోచించాను. అక్కడ మన పాత కథ తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు, అదొకటి. ఇంట్లో మనకో పాత్ర ఉంటుంది, బాగా చదివే అమ్మాయి, నోరున్న అమ్మాయి, భయస్తురాలు, ఏదో ఒకటి, దాన్ని దాటి ఒక మాట మాట్లాడాలంటే అందరూ వింతగా చూస్తారు. కొత్తచోట ఆ పాత్ర మోయక్కర్లేదు. ఆర్థర్ ఆరన్ అనే సైకాలజిస్ట్ 1997లో ఒక ప్రయోగం గురించి రాశారు, ఒకరికొకరు తెలియని ఇద్దర్ని కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చి, తేలికవాటితో మొదలుపెట్టి మెల్లమెల్లగా లోతైనవాటికి వెళ్తూ ఒకరినొకరు అడగమన్నారు. ముప్పావుగంటలో వాళ్లకి, ఊరికే పిచ్చాపాటీ మాట్లాడుకున్న జంటల కంటే ఎక్కువ దగ్గరితనం అనిపించింది. అక్కడ అసలు కీలకం ఇద్దరూ సమానంగా, మెట్టు మెట్టుగా చెప్పుకోవడం. పోస్టింగ్‌కి వెళ్లే పిల్లలకి నేను ఈ మాట తప్పకుండా చెప్తాను, ఎందుకంటే బెంగలో ఉన్నప్పుడు మొదటి రాత్రే ఎవరో ఒకరి దగ్గర మొత్తం కుమ్మరించేయాలనిపిస్తుంది. అవతలివాళ్లు తమ గురించి ఒక్క ముక్కా చెప్పకుండా మీ సంగతులన్నీ లాగుతుంటే అక్కడ కాసేపు ఆగండి. స్నేహం అయ్యేదైతే వాళ్లు కూడా ఒక మెట్టు దిగుతారు.

ఇక రెండో ఆమె. ఈమె నర్సింగ్ విద్యార్థిని, నా వార్డు కాదు, నా కోర్సు కాదు, మామూలుగా అయితే మేం కలిసే సందర్భమే లేదు. మేం ఉండే చోట మా ఫ్లోర్‌లో మంచినీళ్ల కూలర్ వాళ్ల గది పక్కన ఉండేది, అంతే, పరిచయానికి అదొక్కటే కారణం. ఇది కాకతాళీయం అనుకునేదాన్ని గానీ, కాదట. లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ విద్యార్థుల కుటుంబాలుండే ఇళ్ల సముదాయంలో ఎవరికెవరు స్నేహితులయ్యారో పరిశీలించి 1950లో పుస్తకం వేశారు. పక్క గుమ్మం వాళ్లలో 41 శాతం దగ్గరి స్నేహితులయ్యారు, మధ్యలో ఒక గుమ్మం ఉంటే 22 శాతం, అదే అంతస్తులో ఆ చివర ఈ చివర ఉన్నవాళ్లలో 10 శాతమే. మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్నవాళ్లకి పై అంతస్తులో కూడా స్నేహితులు ఎక్కువ. కొన్ని అడుగుల తేడాకే అంత తేడా.

నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, మనం ఎంచుకోకపోవడం. కాలేజీలో మనం మనలాంటివాళ్లనే వెతుక్కుంటాం, అదే భాష, అదే జోకులు, అదే ర్యాంకు. పోస్టింగ్‌లో ఆ పని డ్యూటీ లిస్టు, రూముల లిస్టు చేస్తాయి, వాటికి మన ఇష్టాయిష్టాలు తెలియవు. అందుకే నాకు ఒక పెద్ద వయసు మౌని, ఒక గలగలా మాట్లాడే నర్సింగ్ అమ్మాయి దొరికారు. ఈ నర్సింగ్ అమ్మాయి "ఏమే, నిద్రపోయావా" అని అర్ధరాత్రి తలుపు కొట్టి, ఐసీయూలో ఆ రోజు జరిగినదంతా చెప్పుకుని, నేను మాట్లాడకపోయినా పర్వాలేదన్నట్టు కూర్చుని, పొద్దున్న ఆరింటికి మళ్లీ ఏమీ జరగనట్టు డ్యూటీకి పోయేది. నర్సులు పేషెంట్ గురించి ఎన్ని విషయాలు గమనిస్తారో, మేం అరగంట వ్యాయామం చేయించి వెళ్లిపోయాక మిగతా ఇరవై మూడున్నర గంటలు ఏం జరుగుతుందో నాకు నేర్పింది ఆమే. పేషెంట్‌కి రాత్రి నిద్రలేదని తెలియకుండా పొద్దున్నే నడిపించడం ఎంత అన్యాయమో ఆమె చెప్తేగానీ నాకు తట్టలేదు.

స్నేహితులంటే తోటి విద్యార్థులే అనుకోకండి. దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు, అందుకే నేను రాస్తున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆయమ్మ ఉండేది. ఎన్నో బ్యాచులని చూసిన మనిషి. మాకు ఆ కొన్ని వారాలు ఒకేసారి వచ్చే అనుభవం, ఆమెకి మాత్రం కొత్త మొహాలు రావడం, అలవాటు కావడం, వెళ్లిపోవడం ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు మనసు కొంచెం దూరంగా పెట్టుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఆమె పెట్టుకోలేదు. ఏ పేషెంట్‌కి చెవి సరిగా వినపడదు, ఎవరి కొడుకు విసుక్కుంటాడు, ఏ సార్ ఏ టైమ్‌లో సంతకం పెట్టే మూడ్‌లో ఉంటారు, అన్నీ అడక్కుండానే చెప్పేది. బెంగపడి ఎవరు బాత్రూంలో ఏడుస్తున్నారో ఆమెకే ముందు తెలిసేది, వెళ్లి ఏమీ అడక్కుండా "అమ్మాయ్, ఆ టవల్స్ మడతపెట్టడానికి రా" అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. విద్యార్థులు వెళ్లేటప్పుడు సీనియర్ డాక్టర్లకి, ఇన్‌ఛార్జ్‌లకి పూలగుచ్ఛాలు ఇచ్చి ఫొటోలు దిగుతారు. దయచేసి ఇలాంటివాళ్లని కూడా ఆ ఫొటోలోకి పిలవండి, ఆ ఫొటో వాళ్లకీ ఒక కాపీ ఇవ్వండి. వాళ్ల స్నేహానికి మనవైపు నుంచి ఇచ్చేది చాలా తక్కువ, అదైనా ఇద్దాం.

అందరికీ ఇలా కలిసిరాదు, అదీ నిజమే. ఒకే కాలేజీ నుంచి గుంపుగా వచ్చినవాళ్లు గుంపుగానే ఉంటారు, ఒంటరిగా వచ్చిన అమ్మాయో అబ్బాయో ఒక మూల మిగిలిపోతారు. మార్కులు వేస్తారన్న టెన్షన్‌లో పక్కవాళ్లని పోటీగా చూసేవాళ్లు కూడా ఉంటారు. మూల మిగిలిపోయినవాళ్లతో నేను మాట్లాడితే దాదాపు అందరూ ఒకటే చెప్తారు, "నేను వాళ్లకి నచ్చలేదు మేడమ్" అని. ఎరికా బూత్‌బీ, ఇంకొందరు పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది, కొత్తగా కలిసి మాట్లాడుకున్నవాళ్లు తాము అవతలివాళ్లకి నిజంగా నచ్చినదానికంటే తక్కువ నచ్చామని అనుకుంటారట. కాలేజీ హాస్టల్లో ఒకే చోట ఉంటున్నవాళ్లలో ఈ అపోహ నెలల తరబడి పోలేదు. నెలల తరబడి అంటే, పోస్టింగ్ అయిపోయేదాకా కూడా పోదన్నమాట. అంటే మీకు ఆ అనుమానం పోయాక మాట్లాడదాం అని ఆగితే ఇంటికెళ్లే రోజు వచ్చేస్తుంది. అనుమానం ఉండగానే వెళ్లి పలకరించాలి, వేరే దారి లేదు.

ఇక వచ్చేసిన తర్వాత సంగతి. వాట్సాప్ గ్రూపు మొదటి వారం మోగిపోతుంది, ఫొటోలు, మిస్ యూలు, మళ్లీ అందరం కలుద్దాం అనే ప్లాన్లు. తర్వాత పండగ శుభాకాంక్షలు మిగులుతాయి, ఆ తర్వాత అవీ ఉండవు. దానికి బాధపడక్కర్లేదు, గుంపు మొత్తాన్ని నిలబెట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఒక్కొక్క మనిషిని నిలబెట్టుకోవచ్చు. మాకు పనికొచ్చింది ఒకటే, ఊరికే "ఎలా ఉన్నావు" అని కాకుండా పని గురించి మెసేజ్ చేసుకోవడం. ఇలాంటి కేసు వచ్చింది, నువ్వైతే ఏం చేస్తావు అని. ఎలా ఉన్నావు అంటే బాగున్నాను అన్న జవాబుతో అయిపోతుంది, ఒక కేసు గురించి అడిగితే గంట మాట్లాడుకుంటాం, మధ్యలో ఇంటి సంగతులన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. ఎక్కువకాలం మాట్లాడకపోతే మళ్లీ ఎలా మొదలుపెట్టాలా అని ఇబ్బందిగా ఉంటుంది, నాకు తెలుసు. పెగ్గీ లియు అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్లు 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉన్నట్టుండి వచ్చిన చిన్న పలకరింపుకి అవతలివాళ్లు ఎంత సంతోషపడతారో పంపేవాళ్లు తక్కువగా అంచనా వేస్తారని తేలింది. ఆ పలకరింపు ఎంత అనుకోకుండా వస్తే ఆ సంతోషం అంత ఎక్కువ. నా అనుభవం కూడా అదే. మేం ముగ్గురం ఒక సంవత్సరం మొత్తం మాట్లాడుకోని కాలం కూడా ఉంది, ఎవరి పెళ్లిళ్లు, పురుళ్లు, ఉద్యోగాలు వాళ్లవి, కానీ అక్క ఒకరోజు ఏ ఉపోద్ఘాతం లేకుండా "భుజం జారిపోయిన స్ట్రోక్ పేషెంట్‌కి నువ్వు చేయి ఎలా ఆనిస్తున్నావు" అని మెసేజ్ పెట్టింది, అక్కడినుంచి మళ్లీ మొదలు.

తిరిగి కలవనివాళ్లు కూడా ఉన్నారు. ఆయమ్మ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. మా బ్యాచ్‌లో నాకు టేపింగ్, అంటే కీళ్లకి, కండరాలకి పట్టీ అతికించడం, ఓపిగ్గా నేర్పిన ఒక అబ్బాయి నంబర్ మారిపోయింది. వాళ్లతో మాట లేదు కాబట్టి అది స్నేహం కాదని నేను అనుకోను. ఆ వారాల్లో వాళ్లు చేసిన మేలు పూర్తిగా జరిగిపోయింది, తర్వాత ఫోన్ చేసుకోనంత మాత్రాన అది చెరిగిపోదు కదా.

ఇప్పుడు పోస్టింగ్ విద్యార్థుల డ్యూటీ లిస్టు రాసేది నేను కాబట్టి నా చేతిలో ఉన్నంతవరకు కొన్ని చేస్తున్నాను. ఒకే కాలేజీవాళ్లని ఒకే జతగా వేయను. ఒంటరిగా వచ్చినవాళ్లకి మొదటి వారంలోనే ఇద్దరు కలిసి లేపాల్సిన పేషెంట్‌ని ఇస్తాను. ఫిజియో విద్యార్థులు వారానికొకసారైనా షిఫ్ట్ మారేటప్పుడు నర్సులు పేషెంట్ల సంగతులు ఒకరికొకరు అప్పజెప్పే హ్యాండోవర్‌లో నిలబడి వినాలని పెట్టాను, నర్సింగ్ విద్యార్థులని మేం పేషెంట్లకి వ్యాయామాలు చేయించే జిమ్‌కి రమ్మని వాళ్ల ఇన్‌ఛార్జ్‌ని అడిగి ఒప్పించాను. మొదట్లో పిల్లలు గొణుగుతారు, మేడమ్, మేమిద్దరం ఒకే రూం, మమ్మల్ని విడదీయకండి అంటారు. రూంలో ఎలాగూ కలిసే ఉంటారు కదమ్మా, డ్యూటీలో ఇంకొకరితో ఉండండి అంటాను. ఈ కొత్త బ్యాచ్‌లో ఒక అమ్మాయి చాలా బిడియంగా ఉంది, వచ్చే సోమవారం నుంచి ఆమెని రెండో వార్డులో వేశాను. అక్కడ జతగా పెట్టిన అబ్బాయి నెమ్మదస్తుడు, సరిగ్గా మూడుకే లేపుతాడు.